వీడియో తీసే హక్కు, చెయ్యందించే బాధ్యత

ప్రశ్న: మా అన్నయ్య లాయరు. నేను హైస్కూల్లో పాఠాలు చెబుతాను. పోయిన నెల మా ఇంట్లో అందరి ఫోన్లకీ ఒక వీడియో వచ్చింది. బండి మీంచి పడిపోయిన ఒక మనిషి రోడ్డు మీద నెత్తురోడుతున్నాడు. చుట్టూ పది పదిహేను మంది నిలబడి ఫోన్లతో తీస్తున్నారు. ఒక్కరూ వంగి చెయ్యి పట్టుకోలేదు. నేను చూడలేక ‘వీళ్ళు మనుషులేనా’ అన్నాను. అన్నయ్య మాత్రం ‘రోడ్డు మీద వీడియో తీసుకోవడం వాళ్ళ హక్కు. కాదంటావా, ఏ చట్టం ప్రకారం కాదో చెప్పు. చట్టంలో లేని హక్కు హక్కే కాదు, చట్టంలో లేని తప్పు తప్పే కాదు. మిగతాదంతా నీ ఆవేశం’ అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

వారం తిరక్కుండా ఇంకో గొడవ. మాకు తెలిసిన ఒకమ్మాయి, ఇంకో అమ్మాయితో కలిసి బతుకుతానని ఇంట్లో చెప్పేసింది. ‘ఇదేం నీతి’ అన్నాడు అన్నయ్య. ‘నేరం కాదని కోర్టే చెప్పాక నీకేంటి ఇబ్బంది?’ అన్నాను. ‘కోర్టు ఒప్పుకుంటే నీతి అయిపోతుందా?’ అన్నాడు. అప్పటిదాకా వింటున్న మా వదిన నవ్వేసి, ‘పోయిన వారం డైలాగులు మీరిద్దరూ మార్చుకున్నారు’ అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. హక్కుల గురించి మాట్లాడేటప్పుడు చట్టం ముందా, నీతి ముందా? నీతి అనగానే ‘ఎవరి నీతి?’ అంటాడు అన్నయ్య. దానికేం చెప్పాలి? రేపు క్లాసులో పిల్లలకి హక్కుల పాఠం చెప్పాల్సింది కూడా నేనే. టెన్షన్‌గా ఉంది. (పేరు వద్దు, ఒక చెల్లెలు)

సమాధానం:

అమ్మా, ముందు మీ వదినగారికి నా నమస్కారం చెప్పండి. మీ ఇంట్లో ఈ రెండు గొడవల్నీ సరిగ్గా విన్నది ఆవిడ ఒక్కరే. మీరిద్దరూ మనసులో ముందే తీర్పు ఇచ్చేసుకున్నారు. తర్వాత ఆ తీర్పుకి ఏది ఆసరా అయితే దాన్ని పట్టుకున్నారు, ఒక రోజు చట్టం, ఒక రోజు నీతి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సామెతలో కుందేలైనా ఒకటే ఉంటుంది. మీరు కుందేళ్ళు కూడా మార్చుకున్నారు.

ఇది మీ ఇంటికే పరిమితమైన జబ్బు కాదు లెండి. హక్కుల గురించి జరిగిన పెద్ద పెద్ద పోరాటాల్లోనూ ఇదే కనిపిస్తుంది. బానిసత్వం మీద బ్రిటన్‌లో దశాబ్దాల పాటు వాదన నడిచింది. బానిసలకు స్వేచ్ఛ హక్కు ఉందని ఒక పక్షం అంది. ‘డబ్బు పెట్టి కొన్నాం, చట్టం ప్రకారం మా ఆస్తి, ఆస్తి మీద మాకు హక్కు లేదా?’ అని రెండో పక్షం అడిగింది. రెండు వైపులా ఉన్న మాట ‘హక్కే’. చివరికి 1833లో పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. చేస్తూ చేస్తూ నష్టపరిహారం కింద 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఎవరికి అనుకున్నారు? యజమానులకి. తరాల తరబడి జీతం లేకుండా చాకిరీ చేసిన వాళ్ళకి ఒక్క పైసా రాలేదు. అందుకోసం చేసిన అప్పు తీరడం 2015లో గానీ పూర్తి కాలేదు. నీతి గెలిచిన రోజున కూడా చట్టం లెక్క ఎవరి వైపు నిలబడి వేసిందో చూడండి. అందుకే ‘ఇది మా హక్కు’ అని ఎవరు అన్నా, గొంతు ఎంత గట్టిగా ఉందని కాదు, ఆ హక్కు వల్ల బరువు ఎవరి నెత్తిన పడుతోందో చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇక మీ గొడవలు. ఆ రెండు రోజులూ మీ ఇంట్లో ఎవరి నోటా రాని రెండు మాటలు ఉన్నాయి. మొదటిది: ‘అది చేసే హక్కు వాళ్ళకి ఉంది, అయినా చేయడం తప్పు.’ రెండోది: ‘అది తప్పని నాకు అనిపిస్తోంది, అయినా ఆపే హక్కు నాకు లేదు.’ మొదటి మాట వీడియో రోజున మీరు అనాల్సింది. రెండోది ఆ అమ్మాయి విషయంలో మీ అన్నయ్య అనాల్సింది. ఈ రెండు వాక్యాల్లోనూ చట్టానికీ నీతికీ వేర్వేరు కుర్చీలు ఉన్నాయి, ఒకదాని కుర్చీలో ఇంకొకటి కూర్చోదు. మనకి అలవాటు లేక ఇలాంటి మాటలు నోట్లోంచి రావడం కష్టం. హక్కు ఉంది అంటే మంచిదే అయ్యుండాలనీ, తప్పు అంటే శిక్ష ఉండాలనీ అనుకుంటాం.

వీడియో సంగతి ముందు చూద్దాం. ‘వీడియో తీయడం వాళ్ళ హక్కు’ అన్న మాటలో మీ అన్నయ్య రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేశాడు. 1913లో వెస్లీ హోఫెల్డ్ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు ఈ ముడి విప్పే పని చేశాడు. లాయర్లు హక్కు అన్న ఒకే మాటని చాలా అర్థాల్లో వాడేస్తున్నారని ఆయన ఫిర్యాదు. మీరు నాకు అప్పు తిరిగి ఇవ్వాలి అనుకోండి, అది రాబట్టుకోవడం నా హక్కు. అంటే దానికి ఎదురుగా మీ మీద ఒక బాధ్యత కచ్చితంగా ఉంది. నేను రోడ్డు మీద ఆకాశం చూస్తూ నిలబడగలను అనుకోండి, దాన్ని కూడా హక్కే అంటాం. కానీ అక్కడ ఎవరి మీదా ఏ బాధ్యతా లేదు, ‘చేయకూడదు అన్న నిషేధం నాకు లేదు’ అన్నంత వరకే దాని అర్థం. ఆ గుంపులో ఉన్నవాళ్ళకి ఉన్నది ఈ రెండో రకం, ఉత్త స్వేచ్ఛ. నిషేధం లేదు కాబట్టి చేశారు. నిషేధం లేకపోవడం వాళ్ళని సమర్థించే కారణం ఎలా అవుతుంది? నేను మీ ఇంటికొచ్చి భోజనం చేసి పలకరించకుండా లేచి వెళ్ళిపోతే ఏ పోలీసూ రాడు. మీ అన్నయ్య మాత్రం నన్ను మర్యాదస్తుడు అనడు కదా.

‘చట్టంలో లేని హక్కు హక్కే కాదు’ అన్న మాటకి మాత్రం పెద్ద వంశమే ఉంది. ఇంగ్లండ్‌లో జెరెమీ బెంథామ్ సరిగ్గా ఇదే అన్నాడు. 1789లో ఫ్రెంచి విప్లవకారులు మనిషికి పుట్టుకతో హక్కులుంటాయని ప్రకటిస్తే, ఆయన దాన్ని అర్థంలేని మాటలు అని ఎగతాళి చేశాడు. హక్కు అనేది చట్టానికి పుట్టిన బిడ్డ అని ఆయన వాదన. మీ అన్నయ్యకి ఈ సంగతి చెబితే సంతోషిస్తాడు. ఆ సంతోషంలో ఉండగానే రెండో సగం కూడా చెప్పండి. అదే బెంథామ్ 1785 ప్రాంతంలో ఒక వ్యాసం రాశాడు. మగవాళ్ళు మగవాళ్ళతో ఉంటే ఉరి వేసే ఆనాటి ఇంగ్లీషు చట్టం ఎందుకు అన్యాయమో అందులో వివరించాడు. ఎవరికీ హాని లేని పనికి ఈ శిక్ష ఏంటని అడిగాడు. అచ్చు వేసే ధైర్యం మాత్రం చేయలేదు, అది 1978లో గానీ బయటికి రాలేదు. చూశారా, హక్కులన్నీ చట్టంలోనే ఉన్నాయన్న మనిషికి కూడా, చట్టం తప్పని చెప్పడానికి చట్టం బయట నిలబడే చోటు ఒకటి కావలసి వచ్చింది. ఆ చోటు పేరే నీతి. దాన్ని ఆయన ‘ప్రయోజనం’ అన్నాడు, అంతే తేడా.

ఇంకో చిక్కు కూడా ఉంది మీ అన్నయ్య వాదనలో. ఏ చట్టం ప్రకారం తప్పు అని కదా అడిగాడు? దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. ఫ్రాన్స్ శిక్షాస్మృతిలో 223-6 అధికరణం ఉంది. ఆపదలో ఉన్న మనిషికి, తనకి గానీ ఇతరులకి గానీ ప్రమాదం లేకుండా సాయం చేయగలిగి కూడా కావాలని చేయకపోతే అక్కడ నేరం. జర్మనీ శిక్షాస్మృతిలో 323సి సెక్షన్ కూడా దాదాపు అదే చెబుతుంది. సాయం చేస్తున్న వాళ్ళకి అడ్డు తగలడాన్ని 2017లో దానికే జోడించారు. నిస్సహాయంగా పడి ఉన్న మనిషిని ఆ స్థితిలో చూపించే ఫొటోల మీద కూడా అక్కడ ప్రత్యేక నిబంధన ఉంది. ఇంగ్లండ్‌లో మాత్రం ముక్కూమొహం తెలియని వాడిని కాపాడే బాధ్యత మామూలు మనిషి మీద చట్టం పెట్టదు. పక్కన నీళ్ళలో బిడ్డ మునిగిపోతున్నా సరే, మీరు తల్లిదండ్రులో, కాపలాదారో, మీ వల్లే ఆ బిడ్డ పడిందో అయితే తప్ప. ఇప్పుడు మీ అన్నయ్యని అడగండి: అదే మనిషి, అదే నెత్తురు, అదే గుంపు. సముద్రానికి ఆ ఒడ్డున తప్పు, ఈ ఒడ్డున హక్కు ఎలా అయింది? పడవ దిగగానే పాపం కడుక్కుపోతుందా? చట్టం మారింది నిజమే, పడిపోయిన మనిషి అవసరం మారలేదు.

అయితే చట్టం ఉన్నచోట అంతా సవ్యంగా జరిగిపోతుందని కూడా అనుకోకండి. 1997 ఆగస్టు 31న పారిస్ సొరంగంలో బ్రిటన్ రాజకుటుంబపు డయానా కారు ప్రమాదం గుర్తుందా? వెంటాడిన ఫొటోగ్రాఫర్లు కొందరు అక్కడే ఫొటోలు తీశారు. సాయం చేయలేదన్న ఆరోపణ మీద కూడా వాళ్ళని దర్యాప్తు చేశారు. రెండేళ్ళ తర్వాత, 1999లో, ఆ కేసు కొట్టేశారు. ఎవరు ఏ క్షణాన వచ్చారు, అప్పటికి సాయం వచ్చేసిందా, ఏం చేయగలిగి ఉండేవారు, ఇవన్నీ సాక్ష్యాలతో తేల్చాలి. నీతికి సాక్ష్యం అక్కర్లేదు, మీకు వీడియో చూడగానే కడుపులో తిప్పింది చాలు. చట్టం జైల్లో పెడుతుంది, అందుకే దానికి గీతలు కావాలి. పదిహేను మందిలో ఎవరిని శిక్షించాలి? ముందు వరసలో ఉన్నవాడినా? నెత్తురు చూసి కళ్ళు తిరిగి కదలలేని వాడినా? అంబులెన్స్‌కి ఫోన్ చేసి ఆ తర్వాత వీడియో తీసిన వాడినా? మీ అన్నయ్య లాయరు కాబట్టి ఈ భయం ఆయనకి సహజం. అందులో తప్పు పట్టడానికేం లేదు. చట్టం చేయి పొట్టిగా ఉండాలని కోరుకోవడం వేరు, ఆ చేయి అందని చోట తప్పే లేదనడం వేరు. ఆయన మొదటి దాంతో మొదలెట్టి రెండో దాంట్లోకి జారిపోయాడు.

చెడ్డదని తోచిన ప్రతిదానికీ చట్టం పెడితే ఏమవుతుందో అమెరికా చూసింది. మద్యం పాపమని నిజాయితీగా నమ్మినవాళ్ళు రాజ్యాంగాన్నే సవరించి 1920 నుంచి నిషేధం తెచ్చారు. తాగుడు ఆగలేదు, దొంగ సారా వ్యాపారం ముఠాల చేతికి పోయింది. 1933లో ఇంకో సవరణ చేసి మొదటిదాన్ని ఎత్తేశారు. అలాగని చట్టం నీతి జోలికే పోకూడదా అంటే అదీ కాదు. పెళ్ళాడిన మొగుడు భార్యని బలాత్కరించినా అది నేరం కాదని ఇంగ్లండ్‌లో ఒక జడ్జి రాసిన పుస్తకం 1736లో అచ్చయింది. పెళ్ళితోనే భార్య ఒప్పుకున్నట్టు, ఇక వెనక్కి తీసుకోలేదట! ఆ ఒక్క వాక్యం 1991 దాకా బతికింది. ఆ ఏడాది అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఇది ఈ కాలపు పెళ్ళికి సరిపడే మాట కాదని దాన్ని పక్కన పెట్టింది. 255 ఏళ్ళు! అన్నేళ్ళలో మొగుడితో కాపురం చేస్తూ చట్టం దగ్గరికి వెళ్ళి ‘నాకు హక్కు ఉందా?’ అని అడిగిన ఏ భార్యకైనా ‘లేదు’ అన్న జవాబే. ఆవిడ నొప్పి కూడా లేనట్టేనా? ‘చట్టంలో లేని తప్పు తప్పే కాదు’ అన్నవాళ్ళు ఈ ప్రశ్నకి ఎలా జవాబు చెబుతారో నాకు తెలియదు.

ఇప్పటిదాకా మీ వైపు మాట్లాడాను. రెండో గొడవలో మిమ్మల్ని వెనకేసుకు రావడం కష్టం.

‘కోర్టే చెప్పింది’ అన్నారు మీరు. గెలవడానికి అది దగ్గరి దారి, కానీ ఆసరా గట్టిది కాదు. భారత్‌లోనే చూడండి. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో, మగవాళ్ళు మగవాళ్ళతో, వయసొచ్చినవాళ్ళు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని 2009లో ఢిల్లీ హైకోర్టు అంది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసి మళ్ళీ నేరమే అంది. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిలతో కూర్చుని, 2013 తీర్పు తప్పు అంది. మీ వాదన ప్రకారం ఆ అమ్మాయికి 2009లో హక్కు వచ్చింది, 2013లో పోయింది, 2018లో మళ్ళీ వచ్చింది. మధ్యలో ఆ అమ్మాయి ఏం మారింది? ఏమీ మారలేదు. రేపు కోర్టు ఇంకోలా అంటే మీరు మీ అన్నయ్యకి సారీ చెబుతారా? చెప్పరు. అంటే మీ అసలు కారణం కోర్టు కాదు. ఇంకేదో ఉంది. అది బయటికి తీసి చెప్పాల్సింది.

ఆ ఇంకేదో ఏంటో ఇంగ్లండ్‌లో 1957 తర్వాత జరిగిన ఒక పెద్ద వాదనలో దొరుకుతుంది. వోల్ఫెండెన్ కమిటీ అని ప్రభుత్వం వేసిన కమిటీ, వయసొచ్చిన మగవాళ్ళు నాలుగు గోడల మధ్య ఇష్టంతో ఒకరితో ఒకరు ఉండటం నేరం కాకూడదని ఆ ఏడాది చెప్పింది. చట్టానికి పని లేని సొంత నీతి, అవినీతి అనే చోటు ఒకటి మనిషికి మిగలాలని దాని ఉద్దేశం. జడ్జి పాట్రిక్ డెవ్లిన్ ఒప్పుకోలేదు. సమాజాన్ని కట్టి ఉంచేది ఉమ్మడి నీతే, దాన్ని తెంపితే సమాజమే విడిపోతుంది, కాబట్టి కాపాడుకునే అధికారం చట్టానికి ఉందని ఆయన అన్నాడు. హార్ట్ అనే ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు ఎదురు తిరిగాడు. నలుగురికీ అసహ్యం వేసిందన్న ఒక్క కారణంతో ఒక మనిషిని శిక్షించవచ్చా? అలాంటి మార్పు వల్ల కూలిపోయిన సమాజం ఏదైనా చూపించగలరా? ఇవీ ఆయన ప్రశ్నలు. మీ అన్నయ్య ‘ఇదేం నీతి’ అన్నప్పుడు డెవ్లిన్ మాట అన్నాడు. మీరు హార్ట్ మాట అనాల్సింది పోయి, తీర్పు కాగితం చూపించారు. 1967లో అక్కడ చట్టం మారింది. సమాజం విడిపోలేదు.

నేను ఎటు వైపు అని మీరు అడగలేదు గానీ చెబుతాను, హార్ట్ వైపే. వీడియో గుంపు దగ్గర ఒక మనిషి నష్టపోయాడు. ఆ అమ్మాయి విషయంలో నష్టపోయింది ఎవరు? మీ అన్నయ్యకి నచ్చకపోవడం నిజమైన బాధే, కాదనను. కానీ నాకు నచ్చకపోవడం నీకు సంకెల కాకూడదు. ఇక్కడ ఒక జాగ్రత్త. ‘హాని ఎవరికి?’ అన్న ప్రశ్న అన్ని తాళాలూ తెరిచే చెవి కాదు. సిగరెట్ పొగ పక్కవాడికి హాని అని ఒప్పుకోవడానికే ఎన్నో ఏళ్ళు పట్టింది. ఒక జాతిని తిట్టే మాట హానా, ఉత్త మాటా అని దేశాలు ఈ రోజుకీ కొట్టుకుంటున్నాయి. ప్రశ్న మంచిదే, జవాబు మాత్రం ప్రతిసారీ కష్టపడి వెతుక్కోవాలి.

‘ఎవరి నీతి?’ అన్నది మీ అన్నయ్య దగ్గరున్న గట్టి బాణం. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, మంచి ప్రశ్న. ఆయన దాన్ని మీ నోరు మూయించడానికి వాడాడు, అదొక్కటే నాకు అభ్యంతరం. జవాబు వెతకడానికి వాడితే ఎలా ఉంటుందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, మనిషి హక్కుల పట్టిక ఒకటి రాయాలని కూర్చున్న వాళ్ళలో దేవుణ్ణి నమ్మేవాళ్ళున్నారు, కమ్యూనిస్టులున్నారు, వేర్వేరు ఖండాల వాళ్ళూ ఉన్నారు. ఇంత భిన్నమైన వాళ్ళు ఒకే పట్టికని ఎలా ఒప్పుకున్నారని ఎవరో ఆశ్చర్యపడితే, ‘ఒప్పుకున్నాం, ఎందుకని మాత్రం అడగొద్దు’ అన్న జవాబు వచ్చిందట. ఫ్రెంచి తాత్వికుడు జాక్ మారిటేన్ చెప్పిన ముచ్చట అది. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితిలో ఆ పట్టికకి, అంటే విశ్వ మానవ హక్కుల ప్రకటనకి, అనుకూలంగా 48 దేశాలు ఓటేశాయి, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. కాబట్టి ‘నీ నీతి నీది, నా నీతి నాది’ అన్నంత మాత్రాన కలిసే చోటు లేదనుకోనక్కర్లేదు. చిత్రహింస పెట్టకూడదని ఇద్దరూ అంటారు, ఒకరు దేవుడి పేరు మీద, ఒకరు మనిషి పేరు మీద. ఆ ప్రకటనలోనూ ఒక తమాషా ఉంది. అదే రోజున అది ఎవరినీ కట్టిపడేసే చట్టం కాలేదు. దేశాల్ని కట్టుబడేలా చేసే ఒప్పందాలు 1966లో తయారై 1976లో గానీ అమల్లోకి రాలేదు. ముందు నీతి మాట, 28 ఏళ్ళ తర్వాత చట్టం.

నీతి అంటే ఎక్కువ మంది నీతి అని కొందరు లెక్క తేల్చేస్తారు. అది నాకు భయంగా ఉంటుంది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయాక కొత్త రాజ్యాంగ న్యాయస్థానం ముందుకి 1995లో మరణశిక్ష వ్యవహారం వచ్చింది. జనంలో ఎక్కువమంది ఉరి ఉండాలనే అంటున్నారని ప్రాసిక్యూషన్ తరఫు వాదన. అది నిజమే అనుకున్నా సరే, జనం అభిప్రాయమే తేల్చేటట్టయితే ఇక రాజ్యాంగం ఎందుకు, కోర్టు ఎందుకు అన్నారు అధ్యక్ష స్థానంలో ఉన్న ఆర్థర్ చాస్కల్సన్. హక్కులు అవసరమయ్యేది ఓట్లు గెలవలేని వాళ్ళకే, మనం అసహ్యించుకునే వాళ్ళకి కూడా, అన్నది ఆ తీర్పు సారం. మరణశిక్ష పోయింది. అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ ‘రాజ్యాంగ నైతికత’ అన్న మాట వాడారు. అది మనిషికి పుట్టుకతో వచ్చే గుణం కాదు, సాధన చేసి పెంచుకోవాల్సింది అన్నారు. మీరు ఇందాక చూసిన 2018 తీర్పులో జడ్జిలు ఆ మాటనే పట్టుకున్నారు. సమాజంలో ఎక్కువమంది నీతి ఒకటి, రాజ్యాంగం అడిగే నీతి ఇంకొకటి, కోర్టు కాపలా కాయాల్సింది రెండోదానికి అని.

ఇక నా సొంత కొలత ఒకటుంది, పుస్తకాల్లోంచి తెచ్చింది కాదు. నేను ఇచ్చే కారణం, దాని వల్ల నష్టపోయే మనిషి మొహం మీద చెప్పగలనా? ఆ మనిషి ఒప్పుకోకపోవచ్చు, కనీసం ‘ఇది కారణమే’ అనగలగాలి. పడిపోయిన ఆ మనిషి దగ్గర వంగి ‘నిన్ను లేపాలని ఏ చట్టమూ లేదయ్యా’ అని చెప్పగలడా మీ అన్నయ్య? ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని ‘నాకు అదోలా ఉంటుంది, అందుకని నువ్వు ఒంటరిగా బతుకు’ అనగలడా? మిమ్మల్నీ అడుగుతాను. ఏదో ఒక రోజు కోర్టు మీకు నచ్చని తీర్పు ఇస్తుంది. ఆ రోజు మీ అన్నయ్య ‘కోర్టే చెప్పింది కదా’ అంటే మీరు తలూపుతారా?

నేను కూడా ఒకప్పుడు మీ అన్నయ్యలాగే ఉండేవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఒక ఆఫీసులో దరఖాస్తులు చూసే పని నాది. భర్త పోయిన ఒకావిడ గడువు దాటి పదకొండు రోజులకి వచ్చింది. ‘రూల్ ప్రకారం కుదరదమ్మా’ అన్నాను. ఆవిడ గొడవ చేయలేదు. సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. కొన్ని నెలల తర్వాత వేరే పని మీద ఆ రూల్స్ పుస్తకం తిరగేస్తుంటే, రెండు పేజీల అవతల, తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు అన్న వాక్యం కనిపించింది. అది మొదట్నుంచీ అక్కడే ఉంది. నేను చదవలేదు. చదవాల్సిన అవసరం కూడా అనిపించలేదు, ‘రూల్ లేదు’ అన్న మాట అంత సుఖంగా ఉండింది. చట్టం రాసినవాళ్ళే దయకి చోటు వదిలారు, నేనే దాన్ని మూసేశాను. ఆవిడ కోసం కబురు పంపించాను. ఇల్లు మారిపోయిందన్నారు. ఇప్పుడు ఎవరైనా నాతో ‘చట్టంలో లేదు’ అంటే, ‘మొత్తం చదివారా?’ అని అడగడం అలవాటైపోయింది. మీ అన్నయ్య చదివే ఉంటాడు, లాయరు కదా. అయినా అడిగి చూడండి.

క్లాసు సంగతి. పిల్లలకి ‘హక్కులు, బాధ్యతలు’ అని రెండు వరసలు బోర్డు మీద రాసి బట్టీ పట్టించకండి, దయచేసి. మీ ఇంటి గొడవనే పేర్లు తీసేసి చెప్పండి. ‘చేసే హక్కు ఉంది, అయినా చేయడం తప్పు’ అన్న మాటకి సరిపోయే సంగతి ఒకటి, ‘నాకు తప్పనిపిస్తుంది, అయినా ఆపే హక్కు నాకు లేదు’ అన్న మాటకి ఒకటి, వాళ్ళ సొంత జీవితాల్లోంచి రాసుకు రమ్మనండి. రెండోది రాయడానికి వాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడతారని నా అంచనా. పెద్దవాళ్ళకే రావడం లేదు మరి. వీలైతే సగం క్లాసుని ఒక వైపు వాదించమని, మధ్యలో ఆపి పక్షాలు మార్పించండి. మీ వదినగారు నవ్విన నవ్వు వాళ్ళకి క్లాసులోనే వచ్చేస్తుంది.

చట్టం ముందా, నీతి ముందా అని కదా మీ ప్రశ్న. ఏ పని ముందున్నదాన్ని బట్టి. ఎవరినైనా శిక్షించాలన్నా, ఎవరి దగ్గర్నుంచైనా ఏదైనా లాక్కోవాలన్నా చట్టం ముందు, నీ నీతి ఎంత గొప్పదైనా చట్టం లేకుండా చెయ్యి వేయకూడదు. చట్టం మంచిదా కాదా అని తేల్చాలంటే నీతి ముందు, ఇంకే కొలత లేదు కాబట్టి. రోడ్డు మీద నెత్తురోడుతున్న మనిషి ముందు ఈ చర్చ కోసం ఆగనక్కర్లేదు.

చివరగా ఒక్క విషయం. మీ ఉత్తరం మళ్ళీ చదివితే మొదటి వాక్యాల దగ్గర ఆగిపోయాను. ఆ వీడియో మీ ఇంట్లో అందరి ఫోన్లకీ వచ్చింది అన్నారు. అంటే ఎవరో ఒకరు మీకు పంపారు, వాళ్ళకి ఇంకెవరో. ఆ మనిషి బతికాడో లేదో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. ఆయన మొహం అందులో కనిపిస్తోందా? ఆయన పిల్లలకి కూడా అది చేరి ఉంటుందా? పంపడం ఎవరికైనా హక్కే అని మీ అన్నయ్య అంటాడేమో, అననివ్వండి. అది మీ ఫోన్లో ఇంకా ఉంటే, ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది తీసేయండి. మీకు పంపిన వాళ్ళకి కూడా ఒక ఫోన్ చేసి తీసేయమనండి.